గట్టి స్ప్రింగులు వేస్తేనే స్పోర్ట్స్ కారా?

(తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడింది మాట్లాడినట్టే.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు కీచుమంటే చెప్పండి, పక్కన పెట్టేసి మాట్లాడతాను, రోజంతా మా రిపేరు షెడ్డులో కంప్రెసర్ మోత మీద అరిచే గొంతే ఇది.

మా షెడ్డుకి స్పోర్ట్స్ కారుతో వచ్చే కుర్రాళ్లు దాదాపు అందరూ ఒకే మాట అంటారు. "అన్నా, మలుపుల్లో కారు ఒరుగుతోంది, కాస్త కిందికి దించి గట్టి స్ప్రింగులు వేసెయ్" అంటారు. రెండు నిమిషాలాగి, "కానీ అమ్మానాన్నా ఎక్కితే నడుము నొప్పి అనకూడదు" అని కలుపుతారు. ఈ రెండూ ఒకదానికొకటి పడవని, ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాల్సిందేనని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. డబ్బు ఏ వరసలో ఖర్చు పెడతారన్నదాన్ని బట్టి రెండూ దొరకొచ్చు, రెండూ పోనూ పోవచ్చు. రెండూ పోగొట్టుకున్న కార్లే మా దగ్గరికి ఎక్కువ వస్తాయి, చూడ్డానికి కారు నేలకి ఆనుకుని అందంగా ఉంటుంది, గుంతలో పడితే పళ్లు కొట్టుకుంటాయి, మలుపులో బ్రేకు వేస్తే వెనక చక్రాలు ఎగిరి ఎగిరి పడతాయి.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. స్ప్రింగు కారు బరువు మోస్తుంది, గతుకు వస్తే నొక్కుకుంటుంది, మళ్లీ లేస్తుంది, ఎక్కడ ఆగాలో మాత్రం దానికి తెలియదు. ఆపేది షాక్ అబ్జార్బర్. లోపల పిస్టన్ నూనెని సన్నటి దారుల్లోంచి తోస్తుంది, ఆ తోపులో కదలికంతా వేడిగా మారిపోతుంది. కారు ఒరగడం, ముందుకు వాలడం, గతుకు తర్వాత రెండు మూడు సార్లు ఊగడం, స్టీరింగ్ తిప్పితే ఆలస్యంగా తిరగడం, ఇవన్నీ చూసి మనవాళ్లు స్ప్రింగు మెత్తగా ఉందంటారు, నిజానికి చాలాసార్లు అది అరిగిపోయిన షాక్‌ల పని.

మెత్తటి స్ప్రింగుతో కారు బాగా తిరగదు అనేవాళ్లకి నేనొక పాత కారు పేరు చెప్తాను, లోటస్ ఎలాన్, 1962లో వచ్చింది. తేలికైన కారు, మెత్తటి స్ప్రింగులు, చక్రం పైకీ కిందికీ కదలడానికి బోలెడంత చోటు, దాని మీద సరిగ్గా కుదిర్చిన షాక్‌లు. ఇప్పటికీ మలుపుల గురించి మాట్లాడితే దాని పేరు తీస్తారు. 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 కూడా అంతే, మన దేశంలో కంపెనీ దాన్ని అమ్మలేదు గానీ ప్రపంచమంతా ప్రేమించిన స్పోర్ట్స్ కారు, నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే చక్రానికి పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్ ఉండేది, అయినా మలుపులో చక్కగా ఒరుగుతుంది. ఒరిగితే తప్పేం లేదండీ. ఒరిగే తీరు చూడాలి, నెమ్మదిగా ఒరిగి ఒకచోట నిలబడితే చాలు.

కొంచెం లెక్క చెప్తాను, భయపడొద్దు. కారుని కిందికి నొక్కి వదిలితే, షాక్‌లు లేకుంటే అది సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని హెర్ట్జ్‌లో చెప్తారు. మామూలు కార్లు 1 నుంచి 1.5 దాకా ఉంటాయి, రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లు ఒకటిన్నర నుంచి రెండు లోపు, ట్రాక్ కార్లు రెండు దాటుతాయి. మనిషి ఒంటిని పైకీ కిందికీ వచ్చే కుదుపుల్లో ఎక్కువ బాధపెట్టేవి 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్యవి, ఐఎస్ఓ 2631 అనే ప్రమాణంలో ఆ భాగానికే ఎక్కువ బరువిచ్చారు. స్ప్రింగు గట్టిపడేకొద్దీ కారు అటువైపు జరుగుతుంది. 1.3 నుంచి 1.6కి పోవాలంటే స్ప్రింగు 50 శాతం పైగా గట్టిపడాలి, ఇది వర్గం లెక్క, ఊగడం రెట్టింపు కావాలంటే స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిపడాలి. కేటలాగులో "30 శాతం గట్టి" అని రాసిన స్ప్రింగు చూసి జడుసుకునేవాళ్లున్నారు, ఊగే లెక్కలో చూస్తే అది 14 శాతమే. అంటే ఓ మోస్తరు స్ప్రింగుతో కొంపలేమీ మునగవు, కొంప ముంచేది వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఇంకో చివర కూడా చూడండి. తిరుమల ఘాట్ రోడ్డులో పిల్లలు వాంతులు చేసుకునేది గతుకులకి కాదు, ఆ రోడ్డు నున్నగానే ఉంటుంది. మెల్లగా అటు ఒరిగి ఇటు ఒరిగి, బ్రేకుకి ముందుకు వాలి, రెండు సెకన్లకో నాలుగు సెకన్లకో ఒకసారి వచ్చే ఊపు ఉంటుంది చూశారా, అర హెర్ట్జ్ లేదా అంతకంటే తక్కువది, కడుపులో తిప్పేది అదే. కాబట్టి పడవలా ఊగే కారులో అమ్మ సుఖంగా ఉంటుందని అనుకోకండి. ఆ నెమ్మది ఊపుని షాక్‌లు కొంత పట్టుకుంటాయి, మిగతాది మీ కాలిలో ఉంది, బ్రేకు మెత్తగా తొక్కండి, దానికి పైసా ఖర్చు లేదు.

సరే, ఖర్చు. మొదటి ఖర్చు టైర్లు. మన ఊళ్లలో స్పోర్ట్స్ కార్లది ఒక విచిత్రమైన జబ్బు, అవి తిరగవు. ఆదివారం పొద్దున ఒక రౌండు, మిగతా వారమంతా షెడ్డులో కవర్ కింద. ఐదారేళ్లయినా టైరు మీద గాడి కొత్తదానిలాగే ఉంటుంది, రబ్బరు మాత్రం ఎండకి గట్టిపడి ఉంటుంది. టైరు పక్కన డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అలాంటి టైరు మీద లక్షల సస్పెన్షన్ బిగిస్తే ఆ డబ్బు రోడ్డుకి చేరదు, రోడ్డుని తాకేది ఆ గట్టిపడ్డ రబ్బరే కదా.

గాలి సంగతి ఇంకా చవక. డ్రైవరు డోరు తీస్తే పక్కన స్టిక్కరు ఉంటుంది, ఎంత గాలి పట్టాలో దాని మీద రాసే ఉంటుంది, కొన్ని కార్లకి పెట్రోలు మూత లోపల. బంకులో కుర్రాడు అడక్కుండా 40 పీఎస్ఐ, అదే గాలి ఒత్తిడి కొలత, కొట్టేస్తాడు, కారు చెక్క బండిలా అయిపోతుంది, మీరు షాక్‌లు పోయాయని నా దగ్గరికి వస్తారు. పొద్దున్నే, కారు కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. పది డిగ్రీల వేడి పెరిగితే లోపల ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం రేణిగుంట నుంచి వచ్చి, గేజి పెట్టి, ఎక్కువుందని గాలి తీసేస్తే మర్నాడు పొద్దునకి తక్కువైపోతుంది.

పెద్ద రిమ్ముల గురించి గట్టిగా చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. టైరు మీద మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎంత శాతమో, ఆర్ తర్వాతది రిమ్ము అంగుళాలు. 225/45 ఆర్17 టైరుకి పక్క గోడ ఎత్తు 101 మిల్లీమీటర్లు. 225/40 ఆర్18కి 90. 235/35 ఆర్19కి 82. గతుకుని మొదట మింగేది ఆ గోడే. 19 అంగుళాల రిమ్ము వేసుకుని తర్వాత "సుఖం పోకుండా సస్పెన్షన్ చెయ్యన్నా" అంటే నేనేం చేసేది? కంపెనీ చిన్న సైజు కూడా ఇచ్చి ఉంటే, బ్రేకు క్యాలిపర్‌కి తగలకుండా పడుతుందంటే, ఒక అంగుళం తగ్గించి మంచి టైరు వేసుకోండి. చక్రం బరువు కూడా తగ్గుతుంది, స్ప్రింగు కింద వేలాడే బరువు తగ్గితే షాక్‌కి పని తేలిక. ఫొటోలో అంత బాగోదు, ఒప్పుకుంటా.

రెండోది బుష్‌లు. దీని మీద కొంచెం సేపు ఉంటాను, ఎందుకంటే ఎవరూ పట్టించుకోరు. చక్రాన్ని కారుకి కలిపే కింది ఆర్మ్‌లకి, ఎడమ కుడి చక్రాల్ని కలిపే స్టెబిలైజర్ బారుకి, స్ప్రింగూ షాకూ కలిసుండే స్ట్రట్‌ని పైన పట్టుకునే మౌంటుకి, కీళ్లలో మెత్తల్లాగా రబ్బరు బుష్‌లుంటాయి. మన ఎండకి అవి పగుళ్లిస్తాయి. బుష్ పోతే బ్రేకు వేసినప్పుడు చక్రం కొంచెం వెనక్కి జరుగుతుంది, టో, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, మారిపోతుంది, కారు దారి తప్పినట్టు అనిపిస్తుంది, గతుకుల్లో టక్ టక్‌మంటుంది. ఇవన్నీ "కారు పాతబడింది" ఖాతాలో వేసేస్తారు. కొత్త ఒరిజినల్ రబ్బరు బుష్‌లు వేస్తే పదేళ్ల కారు మళ్లీ నిటారుగా నిలబడుతుంది, సుఖమూ తిరిగొస్తుంది, పట్టూ తిరిగొస్తుంది. పాలీయూరిథేన్ బుష్‌లు వేయమని ఎవరైనా చెప్తారు, అవి గట్టివి, ట్రాక్‌కి మంచివే, కానీ రోడ్డు మోతంతా లోపలికి తెస్తాయి, గ్రీసు ఆరితే కిర్రుమంటాయి. మొదటిసారి చేయించుకునేవాళ్లకి నేను వద్దనే చెప్తా.

ఇంకో ముఖ్యమైన సంగతి, మీ మెకానిక్ దగ్గర నిలబడి చూడాల్సింది. చాలా కార్ల రబ్బరు బుష్‌లో లోపలి గొట్టం బోల్టు బిగించగానే కదలకుండా పట్టుకుంటుంది, ఆ తర్వాత ఆర్మ్ కదిలితే రబ్బరు మెలి తిరుగుతుంది. కారు లిఫ్టు మీదుండి చక్రాలు వేలాడుతున్నప్పుడే బోల్టు పూర్తిగా బిగిస్తే, కిందికి దించాక రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది. కారు గట్టిగా అనిపిస్తుంది, కొన్నాళ్లకి రబ్బరు చిరిగిపోతుంది. బోల్టు వేలితో పెట్టి, కారు బరువు చక్రాల మీదికి వచ్చాక, లేదా జాకీతో ఆర్మ్‌ని మామూలు ఎత్తుకి లేపాక, అప్పుడు టార్క్ రెంచీతో బిగించాలి. "ఏం కాదులే సామీ" అనే షెడ్డు అయితే ఇంకో షెడ్డు చూసుకోండి.

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం, మూడోది షాక్‌లు. టైర్లు, బుష్‌లు బాగున్నాక మొదటి అప్‌గ్రేడ్ ఏదన్నా అని అడిగితే నా జవాబు ఎప్పుడూ ఒకటే, కంపెనీ స్ప్రింగులు అలాగే ఉంచి మంచి షాక్‌లు మార్చుకోండి. ఎందుకో చెప్తాను. ఇంజెక్షన్ సిరంజిలో నీళ్లు నింపి మెల్లగా నొక్కితే తేలిగ్గా పోతాయి, గబుక్కున నొక్కితే ఎదురు తిరుగుతాయి. షాక్ కూడా వేగాన్ని బట్టే ఎదురు నిలుస్తుంది, ఇక్కడ వేగమంటే కారు వేగం కాదు, లోపలి పిస్టన్ వేగం. కారు మలుపులో ఒరిగేటప్పుడు, బ్రేకుకి వాలేటప్పుడు పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది, సెకనుకి పది సెంటీమీటర్ల లోపు. గుంత అంచు తగిలినప్పుడు అర మీటరు, మీటరు వేగంతో దూసుకుపోతుంది. మనకి కావాల్సింది ఏమిటి? నెమ్మది కదలికలో గట్టిగా పట్టుకోవాలి, అప్పుడు కారు ఒరగడం ఆలస్యమవుతుంది, స్టీరింగ్ మాట వింటుంది. వేగం కదలికలో వదిలేయాలి, అప్పుడు గుంత దెబ్బ నడుముకి రాదు. మంచి షాక్‌లో సన్నటి ఉక్కు బిళ్లలు వాల్వులుగా ఉంటాయి, ఒక ఒత్తిడి దాటగానే అవి వంగి నూనెకి పెద్ద దారి ఇస్తాయి. చవక షాక్‌లో ఈ తెలివి తక్కువ, నెమ్మదిలో పట్టుకోదు, వేగంలో వదలదు. పట్టూ సుఖమూ రెండూ ఒకే కారులో ఉండొచ్చని నేను ధైర్యంగా చెప్పేది ఈ వాల్వులని చూసుకునే.

బ్రాండ్లు అడుగుతారని తెలుసు. బిల్‌స్టీన్‌లో బీ4 అంటే కంపెనీ షాక్‌కి బదులుగా వేసుకునేది, బీ6 అంటే కంపెనీ స్ప్రింగులతో వేసుకునే గట్టి మోనోట్యూబ్, అంటే ఒకే గొట్టంతో చేసిన షాక్, బీ8 అంటే కిందికి దించిన స్ప్రింగులకి సరిపడేలా పొట్టిగా చేసింది. దించిన స్ప్రింగుకి బీ6, దించని కారుకి బీ8 వేయొద్దు. కోనీలో స్పెషల్ యాక్టివ్ అని ఉంది, కుదుపు ఎంత త్వరగా వస్తుందో దాన్ని బట్టి నూనె దారి తనంతట తనే మారే రకం. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కే కారైతే నేను బీ6 కంటే ఇలాంటి దానివైపే మొగ్గుతాను, ఒక్కళ్లే నడుపుకునేదైతే బీ6 బాగుంటుంది. మీ మోడల్‌కి దొరుకుతుందో లేదో పార్టు నంబరు పెట్టి చూసుకోవాలి, "ఇది కూడా పడుతుంది సార్" అన్న మాట మీద కొనకండి.

షాక్‌లు మార్చేటప్పుడు పై మౌంటు, చక్రం పూర్తిగా పైకొచ్చినప్పుడు ఆపే బంప్ స్టాపు, దుమ్ము కవరు కూడా మార్చేయండి. ఎలాగూ అంతా విప్పారు, మళ్లీ విప్పితే మళ్లీ కూలి. నాలుగూ ఒకేసారి కాకపోతే కనీసం ముందు రెండూ ఒకసారి, వెనక రెండూ ఒకసారి. స్ప్రింగు కంప్రెసర్ లేకుండా ఇంట్లో స్ట్రట్ విప్పే ప్రయోగాలు మాత్రం చేయొద్దు, నొక్కుకుని ఉన్న స్ప్రింగు జారితే ప్రాణం మీదికొస్తుంది.

(సభలోంచి: అన్నా, స్ప్రింగులు ఒక చుట్టు కోయిస్తే ఖర్చు తక్కువ కదా?)

తక్కువే, ఆసుపత్రి ఖర్చు కలపకపోతే. చుట్టు కోస్తే స్ప్రింగు పొట్టి కావడమే కాదు, గట్టిపడుతుంది కూడా, చుట్లు తగ్గేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. కోసిన కొస కప్పులో సరిగ్గా కూర్చోదు, చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు పక్కకి జరగొచ్చు. గ్యాస్‌తో కాల్చి దించేవాళ్లు ఇంకా ఘోరం, ఉక్కుకి ఇచ్చిన టెంపర్, అంటే వంగి మళ్లీ వెనక్కి వచ్చే బలం, పోతుంది. అదే చేత్తో ఇంకోటి కూడా చెప్తా, చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు, ఎత్తు పెరుగుతుందని అమ్ముతారు. అది ఉన్నచోట స్ప్రింగు పనిచేయడం మానేస్తుంది, మిగతా చుట్ల మీద భారం పడుతుంది, కారు గెంతుతుంది. వేసుంటే తీసేయండి.

నాలుగో మెట్టు దించే స్ప్రింగులు, లోయరింగ్ స్ప్రింగ్స్ అంటారు కదా. కొంప ముంచేది వేరే ఉందన్నానే, అది ఇక్కడుంది. కారు సుఖం పోయేది స్ప్రింగు గట్టిదనం వల్ల కంటే చోటు లేకపోవడం వల్ల. లెక్కకి, మీ చక్రం పైకి కదలడానికి 70 మిల్లీమీటర్ల చోటు ఉందనుకుందాం, 30 దించారు, 40 మిగిలింది. ఇంతకుముందు చోటు ఉండగానే ఆగిపోయే గతుకు ఇప్పుడు బంప్ స్టాపుకి కొడుతుంది. బంప్ స్టాపు కూడా ఒక స్ప్రింగే, చాలా గట్టిది. మలుపు మధ్యలో అది తగిలిందంటే ఆ మూల ఒక్కసారిగా గట్టిపడి టైరు జారుతుంది. చాలా "గట్టి సస్పెన్షన్" కార్లు నిజానికి గట్టివి కావు, రోజంతా బంప్ స్టాపుల మీద కూర్చుని తిరుగుతుంటాయి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, 25 కిలోమీటర్ల వేగంలో దాటేలా. మన వీధుల్లో ఎత్తు ఎవరి ఇష్టం వాళ్లది, వెడల్పు చూస్తే రెండడుగులు దాటవు. పల్లెల్లో అయితే రాత్రికి రాత్రే పుట్టుకొస్తాయి. అందుకని ఇక్కడ తిరిగే కారుకి 15, 20 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ దించడం నాకు ఇష్టం ఉండదు. ఇంకో సంగతి, ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లలో, అంటే మన దగ్గరున్న వాటిలో చాలావరకు, బాగా దించితే కింది ఆర్మ్ వాలు తిరగబడి కారు ఒరిగేటప్పుడు దేని చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ అనే బిందువు కారు కంటే ఎక్కువ దిగిపోతుంది. కారు బరువు కేంద్రానికీ దానికీ మధ్య దూరం పెరుగుతుంది, ఫలితంగా ఒరగడానికి ఊతం పెరుగుతుంది. ఒరగకూడదని దించితే ఒరిగే గుణమే పెరిగిందన్నమాట, దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగు కావాలి. ఎక్కడ ఆగుతారు?

ముందు వెనకల జత కూడా చెడగొట్టుకోవద్దు. 1930ల్లోనే జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ అనే ఇంజనీరు వెనక సస్పెన్షన్ ముందుదానికంటే కొంచెం త్వరగా ఊగేలా ఉంటే కారు తక్కెడలా తలూపకుండా సమంగా లేచి సమంగా దిగుతుందని చూపించాడు. 60 వేగంలో, చక్రాల మధ్య రెండున్నర మీటర్లున్న కారులో, ముందు చక్రం దాటిన గతుకు 0.15 సెకను తర్వాత వెనక చక్రానికి తగులుతుంది. ఆలస్యంగా మొదలైన వెనక భాగం ముందుదాన్ని అందుకోవాలి కదా. ముందు స్ప్రింగులే మార్చి వెనకవి తర్వాత చూద్దాంలే అనుకుంటే ఈ లెక్క తలకిందులవుతుంది. స్ప్రింగులు సెట్టుగానే కొనండి, మంచి పేరున్న కంపెనీవి.

స్టెబిలైజర్ బారు, యాంటీ రోల్ బారు అనేది మంచి మందు, మోతాదు మించితే విషం. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే అది పని చేయదు, అందుకని తిన్నటి రోడ్డులో, వీధి అడ్డంగా ఉన్న బ్రేకర్ మీద సుఖానికి ఇబ్బంది లేదు. ఒక చక్రం లేచినప్పుడు, ఒరిగినప్పుడు మెలి తిరిగి అడ్డుపడుతుంది. దాని గట్టిదనం లావు నాలుగో ఘాతంతో పెరుగుతుంది, 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 22 వేస్తే 46 శాతం పెరిగిపోతుంది. రెండు మిల్లీమీటర్లే కదా అని చిన్నచూపు చూడొద్దు. తారు అంచు తెగిపోయిన మన పల్లె రోడ్ల మీద ఒక పక్క చక్రాలు దిగితే లావు బారున్న కారులో తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. ముందు చక్రాలు తిరిగే పోలో, ఆక్టావియా లాంటివి మలుపులో ముక్కు బయటికి పోతుందనిపిస్తే వెనక బారు ఒక్క మెట్టు లావుది వేసుకోండి, బాగా తేడా తెలుస్తుంది. మస్టాంగ్ లాంటి వెనక చక్రాల బలమున్న కారుకి వెనక బారు ఒక్కటే లావుది వేస్తే వానలో వెనక భాగం జారి కారు గిర్రున తిరిగిపోతుంది, జాగ్రత్త.

కాయిలోవర్లు, అంటే ఎత్తు మార్చుకునేలా స్ప్రింగూ షాకూ ఒకే సెట్టుగా వచ్చేవి, వాటి గురించి ఎక్కువ చెప్పను. మంచివి చాలా బాగుంటాయి, చాలా ఖరీదు. చవకవాటి మీద గట్టిదనం ముప్పై క్లిక్కులు తిప్పుకోవచ్చని రాస్తారు, ఏ క్లిక్కు దగ్గర పెట్టినా అదే కుదుపు. మొదటిసారి చేయించుకునేవాళ్లకి అవసరం లేదు.

ఏది మార్చినా చివర్లో వీల్ అలైన్‌మెంట్. ఎత్తు మారితే టో, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) రెండూ మారతాయి. టైరు లోపలి అంచు తినేస్తే అందరూ క్యాంబర్ని తిడతారు, తినేది ఎక్కువగా టో. హెడ్‌లైటు ఎత్తు కూడా సరిచేయించండి. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కొంచెం కూర్చుంటాయి, అప్పుడు అలైన్‌మెంట్ మళ్లీ చూడాలి, బోల్టులు కూడా. మార్చేది ఒకసారికి ఒకటే మార్చండి, ఒకే దారిలో, ఒకే గాలితో నడిపి చూడండి. బెంగళూరు దారిలో మొగిలి ఘాట్ దాటే అలవాటున్న చిత్తూరువాళ్లకి ఆ దారే చాలు, మామూలు వేగంలో వెళ్లొచ్చినా తేడా తెలుస్తుంది.

తిరుమల ఘాట్ రోడ్లని మాత్రం టెస్ట్ ట్రాక్ చేయొద్దు, చేతులు జోడించి చెప్తున్నా. 1944 నాటి పాత రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974 నాటిది ఎక్కడానికి. పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు, అంతకంటే త్వరగా దాటొద్దని టైము పెట్టింది ఊరికే కాదు, పక్కనే నడిచిపోయే జనం, నిండు కుటుంబంతో వచ్చిన జీపులు ఉంటాయి. గట్టిగా నడపాలని ఉంటే మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, మనకి దూరం కాదు, అనుమతి ఉన్న రోజున వెళ్లి తనివితీరా తిప్పుకోండి.

(సభలోంచి: సార్, ఆర్టీఓ వాళ్లు పట్టుకుంటారా?)

మంచి ప్రశ్న. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా ఉంది. అరిగిన షాక్ తీసి అదే కొలతల షాక్ వేయడం మరమ్మతు, కారుని నాలుగంగుళాలు దించడం మార్పు, మధ్యలో ఉన్నవన్నీ అధికారి చూపుని బట్టి ఉంటాయి. ఏది చేసినా బీమా కంపెనీకి రాసి తెలపండి, బిల్లులు దాచుకోండి. చెప్పకుండా చేస్తే ప్రమాదమప్పుడు క్లెయిమ్ దగ్గర గొడవవుతుంది. నేను షాక్‌లు, బుష్‌లు, టైర్లే ముందు అనడానికి ఇది కూడా ఒక కారణం.

(సభలోంచి: నా ఆడి టీటీలో మాగ్నెటిక్ రైడ్ ఉంది అన్నా, ఒకటి కారుతోంది. మామూలు షాక్‌లు వేసేద్దామా?)

తొందరపడొద్దు తమ్ముడూ. అందులో నూనెలో సన్నటి ఇనుప రజను ఉంటుంది, కరెంటు పంపితే ఆ నూనె చిక్కబడినట్టు పనిచేస్తుంది, కంప్యూటర్ దాన్ని క్షణక్షణం మారుస్తుంటుంది. పట్టూ సుఖమూ రెండూ ఇవ్వడానికే కంపెనీ దాన్ని పెట్టింది. మామూలు షాక్ వేస్తే డ్యాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలుగుతుంది, దాన్ని ఆపడానికి వేరే మాడ్యూల్, కోడింగ్, మళ్లీ ఖర్చు. ఒరిజినల్ ధర వింటే గుండె ఝల్లుమంటుంది, తెలుసు. ముందు కారుతున్నది నిజంగా షాకేనా, పై మౌంటు గ్రీసు కారి కిందికి వచ్చిందా అని శుభ్రంగా తుడిచి వారం తిప్పి చూడు. షాకే అయితే, అది ముందుదైతే ముందు రెండూ, వెనకదైతే వెనక రెండూ ఒరిజినల్ జత వేయించు, మిగతా జత లీకు లేకుంటే అలాగే ఉంచు. స్ప్రింగుల జోలికి పోవద్దు, ఆ కంప్యూటర్‌కి తెలిసింది కంపెనీ స్ప్రింగులే.